ఉప్పుకు ముందు తీసే గిన్నె

మొన్న ఎండాకాలం సెలవులకు మా హోసూరు ఇంట్లో నలుగురు చిన్నబిడ్డలు ఒకేసారి చేరారు. ఒకనికి ఏడు నెలలు, ఒకదానికి ఏడాదిన్నర, ఒకనికి మూడేళ్లు నిండబోతున్నాయి, అందరికన్నా పెద్దదానికి అయిదు. తల్లులు ఒకరు బెంగళూరు నుంచి, ఒకరు చెన్నై నుంచి, ఒకరు ఏకంగా డల్లాస్ నుంచి వచ్చారు. మొదటి రోజు పొద్దున వంటింట్లోకి పోయి చూస్తే పొయ్యి మీద ఒక కుక్కరు, దాని పక్కన ఇంకో చిన్న కుక్కరు, గోడ ప్లగ్గుకు ఒక మిక్సీ, కిటికీ కింద ఒక స్టీమరు. నాలుగు డబ్బాల్లో నాలుగు రకాల పిండి. తొంభై దగ్గర పడిన మా అవ్వ గడప దగ్గర కూర్చుని అంతా చూసి, "నాలుగు బిడ్డలకు నాలుగు పొయ్యిలా? ఇది ఇల్లా, సత్రమా?" అనింది.

నవ్వుకున్నాం. ఆ మాట పట్టుకుని అవ్వను అడుగుతా పోతే మాత్రం, మేము అంతవరకు సరిగా వినని ఒక కథ బయటికి వచ్చింది. అది మా ఇంటి కథే. అయినా ఈ పక్కన స్థిరపడిన చాలా తెలుగు ఇళ్లలో దీని తోబుట్టువులు ఉంటాయని అనిపించి రాస్తున్నాం.

ముందు నేల సంగతి. హోసూరు పక్కను పెద్దలు మొరసునాడు అంటారు. కృష్ణగిరి పక్క బారామహల్. బారామహల్ 1792లోనే టిప్పు సుల్తాను చేతిలోనుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. హోసూరు 1799లో, టిప్పు పడిపోయినాక పోయింది. రెండూ సేలం జిల్లాలో కలిసి చాలాకాలం ఉన్నాయి. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి వేరే జిల్లా అయింది. ఇన్ని చేతులు మారినా కుండలో ఉడికేది మాత్రం మారలేదు. మేము సంగటి అన్నాం, పక్కింటి కన్నడం వాళ్లు ముద్దె అన్నారు, ఎదురింటి తమిళం వాళ్లు కళి అన్నారు. పిండి ఒకటే, రాగిపిండి.

ఎర్రనేల, వాన మీద ఆధారం, చెరువు నిండితే వరి, నిండకపోతే రాగి. రాగికి ఇంకో గుణం ఉంది. పాతరలో పోసి పెడితే ఏండ్ల తరబడి పురుగు పట్టదు. 1876లో మొదలైన ధాతు కరువు గురించి మా ఇంట్లో చెప్పుకునే మాటల్లో పాతర మాట రాకుండా ఉండదు. పాతర ఉన్న ఇల్లు నిలబడింది, లేని ఇల్లు వలస పోయింది అంటారు. బిడ్డలకు రాగి మంచిదని ఇప్పుడు అందరూ చెప్తున్నారు. నూరు గ్రాముల రాగిలో సున్నం, అంటే కాల్షియం, మూడువందల అరవై మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పాలిష్ బియ్యంలో పదికి అటూ ఇటూ. మా అవ్వకు ఈ లెక్క తెలియదు. ఉన్నది రాగి, కాబట్టి రాగి.

అవ్వ 1950ల నడుమ కుప్పం దిక్కు నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. కుప్పం అప్పటికే ఆంధ్రలో ఉంది, మేము మదరాసు రాష్ట్రంలో ఉన్నాం. నడుమ ఉండేది ఒక పూట బండి ప్రయాణమే. ఇంట్లో ముగ్గురు కోడళ్లు. 1960ల్లో ఒక దశలో ఆరేళ్ల లోపు బిడ్డలు ఏడుగురు ఉండేవారంట. చేనికి పోయేవాళ్లు పోగా ఇంట్లో ఒక కోడలు మిగిలేది, ఆమే ఏడుగురికీ వండి పెట్టాల. ఏడు వంటలు అనే మాటే లేదు. ఒక కుండ సంగటి, ఒక కుండ పప్పు. పెద్దవాళ్లకు ఏమి వండితే అదే. చంటిబిడ్డకు మాత్రం పలచటి అంబలి, లేకపోతే పప్పు ఉడికిన కట్టు.

మాకు ఇంకో అత్త ఉండాల్సింది. ఈ సంగతి మాకు తెలుసు, కానీ ఎట్ల పోయిందో ఎవరూ చెప్పేవారు కాదు. ఈసారి అవ్వే చెప్పింది.

1966. వరుసగా రెండో ఏడు వాన సరిగా లేదు. ఆ బిడ్డకు ఏడాది పది నెలలు. అవ్వ మళ్లీ నిండు గర్భిణి. కడుపులో బిడ్డ ఉంటే పాలు ఇవ్వకూడదని అత్తగారు మాన్పించింది. చిన్నోడు పుట్టినాక అవ్వ ఒడి వానిదైంది. ఆ బిడ్డ సంగటి వరుసలోకి పోయింది. వరుసలో కూర్చున్న నాలుగేళ్లోళ్లు, అయిదేళ్లోళ్లు గబగబా మింగుతారు. దీనికి ఊరుబిండి కారం నోట్లో పడితే ఏడుపు, సంగటి గొంతులో పట్టుకుంటే ఏడుపు. ఏడుస్తావుందని అంబలి తాగించేవారు. అంబలితో కడుపు నిండినట్టే ఉండి గంటకు మళ్లీ ఖాళీ. రెండు నెలలకు బిడ్డ కాళ్లు, ముఖం ఉబ్బినాయి. వెంట్రుకలు ఎర్రబారినాయి. ఆడుకోవడం మానింది, ఏడవడం కూడా మానింది. "ఒళ్లు చేసింది అనుకున్నాము," అనింది అవ్వ. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. సంక్రాంతికి ముందే పోయింది.

అవ్వ చెప్పిన గుర్తులు విని మాలో డాక్టరు చదివిన అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆ జబ్బుకు వైద్యంలో పేరు క్వాషియోర్కర్. 1930ల్లో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ పనిచేసేది. అక్కడి గా భాషలో తల్లులు వాడే మాటనే ఆమె జబ్బుకు పేరుగా పెట్టింది. ఆ మాటకు అర్థం దగ్గరదగ్గరగా ఇది: వెనక బిడ్డ పుడితే ముందు బిడ్డకు వచ్చే జబ్బు. సముద్రాల అవతల ఎవరో తల్లులు మా అవ్వ చూసిందే చూసి దానికి ఒక పేరు పెట్టుకున్నారు. మన దగ్గర దానికి దిష్టి అనే పేరే ఉండింది.

ఇందులో మన తెలుగు నేల పాత్ర కూడా ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది. అదే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ సి. గోపాలన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు పేద ఇళ్ల బిడ్డల తిండిని కొలిచి చూశారు. అప్పటి ప్రపంచమంతా ఈ బిడ్డలకు మాంసకృత్తులు చాలడం లేదు, వాటి పొడి పంచితే చాలు అంటా ఉంటే, వీళ్లు కాదన్నారు. ముందు తిండే చాలడం లేదు, తినే ఆ రాగి, జొన్న, పప్పే కడుపునిండా పెడితే చాలావరకు సరిపోతుంది అన్నారు. తర్వాత ఆ సంస్థ గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లం కలిపి చేసిన పొడికి హైదరాబాద్ మిక్స్ అని పేరు వచ్చింది. అవ్వకు ఇది చదివి వినిపిస్తే, "చెనిక్కాయలు, బెల్లం దంచి పెట్టేది మేము చెయ్యలేదా?" అనింది. చేసింది. కానీ 1966 తర్వాతనే చేసింది.

ఆ బిడ్డ పోయినాక అవ్వ వంటింట్లో ఒక కట్టు పెట్టింది. అత్తగారితో గొడవపడి పెట్టింది. ఆ కట్టు మా అమ్మ దాకా నడిచింది.

కట్టు ఇది. పప్పు కుండలో కందిపప్పు, ఆకుకూరో గుమ్మడికాయో, చలికాలమైతే పితికిపప్పో వేసి పసుపుతో మెత్తగా ఉడికించాల. ఉప్పు వేయకముందు ఒక చిన్న ఇత్తడి గిన్నెకు తీయాల. అది చంటిబిడ్డది. ఉప్పు వేసినాక, కారం వేయకముందు రెండో గిన్నె. అది పాలు మానిన బిడ్డది, మూడేళ్ల లోపువాళ్లది. ఆ తర్వాతే కారం, చింతపండు, తిరగవాత. మా ఇంట్లో సగంమంది తిరగవాతను ఒగ్గరణ అంటారు, అది వేరే గొడవ. మిగిలింది పెద్దబిడ్డలకు, పెద్దవాళ్లకు. కుండ ఒకటే, పొయ్యి ఒకటే, తీసే సమయం వేరు.

తీసింది తీసినట్టు పెడితే కాదు. కట్టు నీళ్లు ఒంపి ఇవ్వడం అవ్వ మాన్పించింది. తేట కాదు, అడుగున ఉన్న పప్పు మెదిపి ఇవ్వాల. గరిటె వంచితే జారి పారిపోకూడదు, మెల్లగా పడాల. "తేటనీళ్లతో కడుపు నిండతాది, బిడ్డ నిండదు" అని ఆమె మాట. ఇప్పుడు డాక్టర్లు తల్లులకు చూపించేది కూడా ఇదే, చెంచాలో నిలిచేంత చిక్కదనం.

సంగటి సంగతి ఇంకా తమాషా. నూకలు ఉడికినాక రాగిపిండి పోసి, మూతపెట్టి, సన్నమంట మీద మగ్గనిచ్చి, తెడ్డుతో గెలికితే గట్టి ముద్ద అవుతుంది. అది అయిదేళ్లదానికి సరే. ఏడు నెలలవాడు మింగలేడు. నీళ్లు పోసి పలచన చేస్తే మళ్లీ అంబలే, మళ్లీ నీళ్లే. ఇక్కడ అవ్వ దగ్గర ఒక చిన్న డబ్బా ఉండేది. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చినాక నీడలో ఆరబెట్టి, చేత్తో నలిపి మొలకలు రాల్చి, కమ్మటి వాసన వచ్చేదాకా కొంచెం వెచ్చజేసి విసిరిన పిండి. పలచటి గుడ్డలో జల్లెడ పట్టేది. వేడి సంగటి నిమ్మకాయంత తీసుకుని, కొంచెం వేడినీళ్లతో మెదిపి, ఈ పిండి ఒక చిటికెడు వేసి కలిపి పక్కన పెడితే కాసేపటికి అదే జారుగా అవుతుంది. ఎక్కువ నీళ్లు పోయలేదు, తిండి తగ్గలేదు. మళ్లీ ఒక పొంగు రానిచ్చి, ఉప్పులేని పప్పు, చుక్క నెయ్యి కలిపితే చంటిబిడ్డ కూడు తయారు.

ఇది మంత్రం కాదు. మొలకెత్తే గింజలో గంజిని విడగొట్టే గుణం పుడుతుంది, అందుకే చిక్కటిది పలచనవుతుంది. పిండిని నల్లగా మాడిస్తే ఆ గుణం చచ్చిపోతుంది, అందుకే "కొంచెం" వెచ్చజేయడం. మనకు దగ్గరే ఉన్న మైసూరులో 1950 నుంచి కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. 1980ల మొదట్లో అక్కడ మల్లేశి, దేశికాచార్ అనే శాస్త్రవేత్తలు మొలకెత్తించిన రాగి, పెసలతో బిడ్డల తిండి ఎట్ల చేస్తే చిక్కబడకుండా, బలం తగ్గకుండా ఉంటుందో చూసి రాశారు. అవ్వ దాన్ని కుప్పంలో వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నింది. తెలిసి ఉండి కూడా ఆ కరువేడు మొలకపిండి చేయలేదు. గింజలే తక్కువగా ఉన్నప్పుడు మొలకల పేరుతో రాల్చి పారేయడానికి మనసు ఒప్పలేదంట. ఇది చెప్పేటప్పుడే ఆమె గొంతు మారింది.

కట్టులో ఇంకో సగం ఉంది. వడ్డించే వరుస. మామూలుగా ఎవరికి ముందు పెడతారు? ఏడ్చేవాడికి, అంటే చంటిబిడ్డకు. లేకపోతే బడికి పోయేవాడికి. అవ్వ కట్టులో మొదటి గిన్నె పాలు మానినవాడికి. చంటిదానికి తల్లి ఉంది, పెద్దోనికి నోరుంది, నడిమివానికి రెండూ లేవు అనేది. వాని గిన్నె వేరే, వరుసలో వాడు ఎంత తిన్నాడో కనపడాల. ఒకే పళ్లెంలో నలుగురు చేతులు పెడితే నడిమివాని వాటా ఎవరి కడుపులోకి పోయిందో తెలీదు. కలిసి కూర్చోవడం ఉంది, కలిసి వండడం ఉంది, పళ్లెం మాత్రం వేరే.

తర్వాత కాలం మారింది. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం పల్లెల్లో పౌష్టికాహార పథకం మొదలుపెట్టింది. బడిపిల్లలకు మధ్యాహ్నం తిండి కామరాజు కాలంలో, 1956లోనే వచ్చింది. కొత్త సంగతి ఏమంటే ఈసారి రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా ఉన్న బిడ్డలకూ కేంద్రాల్లో కూడు పెట్టారు. మా ఆఖరి చిన్నాయనకు అప్పటికి మూడేళ్లు. ఊరి బాల్వాడీలో రెండేళ్లవాడు, అయిదేళ్లవాడు ఒకే వరుసలో కూర్చుంటే ఒకే అండాలోని సాంబారన్నం పడేది. మొదటి వారమే చిన్నాయన కారం అని ఏడ్చి వచ్చాడు. మరునాడు అవ్వ కొంగు దోపుకుని అక్కడికి పోయి, వచ్చీరాని తమిళంలో ఆయమ్మకు తన కట్టు చెప్పింది. పప్పు ఉడికినాక కారం వేయకముందు ఒక గిన్నె తీసిపెట్టమ్మా, చిన్నోళ్లకు అది కలుపు అని. ఆయమ్మ నవ్వి, సరే అనిందంట. ఆమెకూ ఇంట్లో చిన్నబిడ్డలే కదా. ఆ ఊర్లో ఆమె ఉన్నన్నాళ్లు అట్లే జరిగింది.

ఆ కూటితో ఇంకొకటి కూడా ఇంట్లోకి వచ్చింది. చిన్నాయన సాయంత్రం వచ్చి "సోరు పెట్టు" అన్నాడు. అవ్వకు కారం కన్నా ఈ మాట ఎక్కువ గుచ్చుకున్నింది. బువ్వ అనమని రోజూ చెప్పేది. వాడు ఇంట్లో బువ్వ, బయట సోరు అనడం నేర్చుకున్నాడు. మనలాంటి ఇళ్లలో బిడ్డలు రెండో భాషను ఎక్కడ నేర్చుకుంటారంటే బడి అని చెప్తాం గానీ, నిజానికి చాలామంది అన్నం వరుసలోనే నేర్చుకున్నారు.

ఆ పథకం మీద ఇంట్లో రెండు మాటలు ఉన్నాయి. అది రాకముందు ఈ పక్క ఎంతమంది నడిమిబిడ్డలు పోయారో అవ్వకు తెలుసు కాబట్టి ఆమె దాన్ని ఒక్క మాట అననివ్వదు. 1989 నుంచి గుడ్డు కూడా వచ్చింది, మొదట పదిహేను రోజులకు ఒకటి, 2010 నాటికి వారానికి అయిదు. మా అమ్మ మాట వేరే. అక్కడ వండింది బియ్యం. బియ్యమంటే కలిగినవాళ్ల కూడు అని అప్పటికే పేరు. 1967 ఎన్నికలే రూపాయికి పడి బియ్యం అనే మాట మీద నడిచినాయి. 2006లో కిలో రెండు రూపాయలు, 2008లో రూపాయి, 2011 జూన్ నుంచి ఉచితం. అదే కాలంలో హోసూరులో సిప్‌కాట్ ఫ్యాక్టరీలు పెరిగినాయి, షిఫ్టుకు పోయే ఇంట్లో సంగటి గెలికే చెయ్యి ఎక్కడిది? రాగి చేలల్లో టమాట, క్యారెట్, రోజాపూలు వచ్చినాయి. మా తరం బిడ్డలు కుక్కరన్నం తిని పెరిగాం. తప్పు ఎవరిదీ కాదు. కానీ మొలకపిండి డబ్బా ఎప్పుడు ఖాళీ అయిందో ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు.

2023లో చిరుధాన్యాల సంవత్సరం అని ప్రపంచమంతా చేసుకున్నప్పుడు మన పక్క ధర్మపురిలో రేషన్ కార్డుకు బియ్యం బదులు రెండు కిలోల రాగి ఇవ్వడం మొదలుపెట్టారు. మా డల్లాస్ అమ్మాయి తెచ్చిన డబ్బా మీద స్ప్రౌటెడ్ రాగి అని ఉంది. ధర చూసి అవ్వకు చెప్పలేదు.

ఆ సెలవుల్లో మూడో రోజు నుంచి కుక్కర్లు దించేశాం. అవ్వ గడప దగ్గర కూర్చుని చెప్తా ఉంటే మేము చేశాం. అన్నీ ఆమె చెప్పినట్టే చేయలేదు. ఆమె కాలంలో నాలుగో నెలకే కూడు నాకించేవారు, మేము ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే అన్నాం. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు, బెల్లం కూడా వద్దు అన్నాం. తేనె మాటకు ఆమెకు కోపం వచ్చింది, పుట్టగానే నాలుక మీద రాసేది తేనే కదా. డాక్టరమ్మాయి ఓపిగ్గా చెప్పింది. సరే మీ కాలం మీది అనింది. చెనిక్కాయలు గింజలుగా మూడేళ్లవానికి కూడా ఇవ్వలేదు, దంచే పెట్టాం. బెంగళూరు కోడలు బిడ్డే చేత్తో తీసుకుని తినాల అనే పద్ధతి పాటిస్తుంది, మెదిపి నోట్లో పెట్టకూడదంటుంది. దీని మీద యుద్ధం వస్తుందనుకున్నాం. అవ్వ సంగటిని వేలంత పొడుగ్గా చుట్టి, పప్పులో ముంచి, ఏడాదిన్నరదాని చేతికిచ్చింది. అది సగం తినింది, సగం తలకు పూసుకున్నింది. కోడలు ఫోటో తీసింది.

కాలం తోతాపురి మామిళ్లది, ఈ పక్కన బెంగళూరా అంటారు. దాని రసం పెద్దదానికి గ్లాసుతో, చంటివానికి చెంచాతో. అది ఎవరూ నేర్పనక్కర్లేదు.

పోయే రోజు పొద్దున డల్లాస్ అమ్మాయి ఆ ఇత్తడి గిన్నె తనకు కావాలని అడిగింది. ఆమెకు నవంబరులో ఇంకో బిడ్డ. అంటే ఈ ఏడాదిన్నరది అప్పటికి నడిమిది అవుతుంది. అవ్వ గిన్నెను చింతపండుతో తోమించి, లోపల మొలకపిండి మూట ఒకటి పెట్టి, మూత లేదని గుడ్డ కట్టి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కడుపులో ఉన్న బిడ్డను గురించి ఏమీ అనలేదు. ఏడాదిన్నరదాన్ని చంకనెత్తుకుని, "దీనికి ముందు పెట్టు" అనింది.